శిరస్త్రాణము

ఉదయము తొమ్మిది గంటల వేళ మన పట్టణములలో ఏ కూడలియందైనను ఒక పావుగంట నిలుచుండి చూచినచో ఒక వింత కనబడును. మోటారు సైకిళ్లు, స్కూటర్లు గుంపులుగా వచ్చుచుండును. నడుపువారిలో కొందరి హెల్మెట్టు తలమీద నుండును. కొందరిది మోచేతికి కడియమువలె వ్రేలాడుచుండును. కొందరిది పెట్రోలు ట్యాంకుపై చంటిబిడ్డవలె కూర్చుండియుండును. మరికొందరిది అద్దపు కాడకు తగిలించిన చెంబువలె ఊగుచుండును. దూరమున పోలీసువాని టోపీ కనబడుట తోడనే ఇవన్నియు ఒక్కసారిగా తలలపైకి ఎక్కును. కూడలి దాటినంతనే మరల దిగును. హెల్మెట్టు పుట్టినది తలను కాపాడుటకు కాదు, జరిమానానుండి జేబును కాపాడుటకే అని మనము నిశ్చయించుకొన్నట్లున్నది.

ఈ దృశ్యమును చూచి నవ్వుకొననివారు అరుదు. ఆ నవ్వులో మాకును భాగము కలదు. అట్టి నవ్వు వలన కలిగిన నష్టమొకటి మేము ఎరిగియున్నాము. దానిని ప్రసంగాంతమున చెప్పుదుము. ముందుగా మోటారు సైకిలుకును మనకును గల చుట్టరికము ఎట్టిదో విచారింతము.

మోటారు సైకిలు మన ఇండ్లలో కేవలము వాహనము కాదు. అనేక కుటుంబములలో అదియే ఇంటికి వచ్చిన మొదటి యంత్రవాహనము. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ వెలసి బుల్లెట్టు బండ్లను అందింప నారంభించెను. 1961లో మైసూరునుండి జావా బండ్లు బయలుదేరెను. ఆ కాలమున బుల్లెట్టు శబ్దము వినబడినచో ఊరిలోనికి ఇంజనీరుగారో, డాక్టరుగారో, మోతుబరి రైతో వచ్చుచున్నాడని అర్థము. 1980 తరువాత తక్కువ పెట్రోలుతో నడచు నూరు సీసీల బండ్లు వచ్చుటతో అది పాలు పోయువాని బండి అయ్యెను, బడిపంతులుగారి బండి అయ్యెను, బట్టల మూటలమ్మువాని దుకాణము కూడ అయ్యెను. నేడు పల్లెలో అరటి గెలయు, ఎరువుల బస్తాయు, పెండ్లి పిలుపును, జ్వరముతోనున్న పిల్లవాడును దానిమీదనే ప్రయాణము చేయుచున్నవి. కొత్త బండి కొన్ననాడు ముందుగా గుడికి తీసికొనిపోయి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు చక్రము క్రింద త్రొక్కించి, కొబ్బరికాయ కొట్టుట మన ఆచారము. బండికి దిష్టి తీయుదుము. బండిని నడుపువాని తలను మాత్రము దైవమునకు విడిచిపెట్టుదుము.

ఇక యువకుల సంగతి చెప్పనక్కరలేదు. బండి వారికి స్వాతంత్ర్యము. ఎదురుగాలికి జుట్టు ఎగురవలెను, చొక్కా చివర రెపరెపలాడవలెను. వెండితెరపై కథానాయకుడు హెల్మెట్టుతో మొగము కప్పుకొని ప్రవేశించినచో చప్పట్లు పడవు కదా! ఇది మన దేశమున మాత్రమే ఉన్న రోగము కాదు. 1953లో అమెరికాలో వచ్చిన 'ది వైల్డ్ వన్' అను చలనచిత్రమున మార్లన్ బ్రాండో తలపై ఉన్నది వాలుగా పెట్టిన మెత్తని టోపీ. ఆ టోపీయు, తోలు కోటును లోకమందలి యువకుల కందరకు వేషమైపోయెను. అందు తోలుకోటుకైనను క్రిందపడినపుడు చర్మమును కాపాడు గుణము కలదు. టోపీకి ఏ గుణమును లేదు.

అయితే ధైర్యవంతులు శిరస్త్రాణమును తిరస్కరింతురను మాట చరిత్రకు సరిపడదు. దీనిని మొదట తలకెత్తుకొన్నవారు పందెపు రౌతులు. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్సు అను పందెపు బాటకు వైద్యుడుగా నుండిన ఎరిక్ గార్డనర్, క్రిందపడిన రౌతులకు తరచుగా తలలే పగులుచుండుట గమనించి, గట్టి కాన్వాసు గుడ్డకు లక్క పట్టించిన టోపీ నొకదానిని చేయించెను. 1914లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున జరిగిన టూరిస్టు ట్రోఫీ పందెములలో పాల్గొనువారందరు అట్టి టోపీని ధరించి తీరవలెనని నిబంధన ఏర్పడెను. అనగా లోకములో అందరికంటె వేగముగా, అందరికంటె సాహసముగా బండి నడుపువారు నూరేండ్లకు పూర్వమే తలకు కాపు పెట్టుకొనిరి. కూరల సంతకు పోవు మనము మాత్రము అది పిరికితనమని అనుకొనుచున్నాము.

పందెపు బాట దాటి ఈ విద్య సామాన్య ప్రజల రహదారికి వచ్చుటకు ఒక మహావీరుని మరణము కారణమయ్యెను. అరేబియా లారెన్సు అని ప్రఖ్యాతి గాంచిన టి. ఇ. లారెన్సుకు మోటారు సైకిళ్లనిన ప్రాణము. బ్రఫ్ సుపీరియర్ అను మేలుజాతి బండ్లను ఒకదాని తరువాత ఒకటిగా కొని నడపినవాడు. 1935 మే 13వ తేదీన డోర్సెట్ ప్రాంతమున తన కుటీరమునకు మరలి వచ్చుచుండగా, దారిలోని పల్లమునుండి సైకిళ్లపై ఇద్దరు బాలురు ఎదుటపడిరి. వారిని తప్పింపబోయి లారెన్సు బండిమీదినుండి ఎగిరిపడెను. తలపై ఏమియు లేదు. ఆరు దినములు స్మృతి లేకయే యుండి మే 19న మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 46. ఎడారి యుద్ధములు చంపలేని మనిషిని ఇంటి దగ్గరి బాట చంపెను.

ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను శస్త్రవైద్యుడు ఉండెను. ఆస్ట్రేలియాలో పుట్టి ఆక్స్‌ఫర్డులో పనిచేసినవాడు. మెదడు శస్త్రచికిత్సలో దిట్ట. లారెన్సు మరణము ఆయన మనస్సును వదలలేదు. రెండవ ప్రపంచ యుద్ధము రాగా, సైన్యములో వార్తలు మోయు మోటారు సైకిలు రౌతులు శత్రువుల గుండ్లవలన కాక రహదారి ప్రమాదములవలన చచ్చుచుండుట చూచెను. 1941లో ఆయన బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించిన వ్యాసము ప్రకారము, యుద్ధారంభమునుండి 21 నెలలలో బ్రిటనులో 2,279 మంది మోటారు సైకిలు రౌతులు, వెనుక కూర్చున్నవారు మరణించిరి. శిరస్త్రాణము ధరించి పడినవారిని ఆయన ఆ వ్యాసమున ఏడుగురిని మాత్రమే చూపగలిగెను. ఆ ఏడుగురును బ్రతికిరి. ఏడుగురి లెక్క చిన్నదని ఆయన కూడ ఎరుగును. కాని అదే సంవత్సరము నవంబరులో బ్రిటిషు సైన్యము తన రౌతులకు శిరస్త్రాణమును తప్పనిసరి చేసెను. ప్రజలందరకు అట్టి శాసనము బ్రిటనులో 1973 జూన్ 1న గాని రాలేదు. కెయిర్న్సు 1952లోనే గతించెను. ఒక వైద్యుడు చూచిన సత్యము శాసనమగుటకు 32 సంవత్సరములు పట్టినదన్న మాట.

ఇంతకు ఈ టోపీ చేయు పని యేమి? పలువురు దాని గట్టిదనమే దాని గుణమనుకొందురు. అది సగము నిజము. పైడొప్ప గట్టిదియే, అది దెబ్బను ఒకచోట గ్రుచ్చుకొననీయక పరచును, రోడ్డుమీద జారిపోనిచ్చును. అసలు పని చేయునది లోపలి నురుగు పొర. పెట్టెలలో గాజు సామానుల చుట్టు అమర్చు థర్మోకోలు జాతిదే అది. నిలుచున్న మనుష్యుని తల ఇంచుమించు ఒకటిన్నర మీటరు ఎత్తున నుండును. అంత ఎత్తునుండి పడు వస్తువు నేలను తాకునపుడు దాని వేగము గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. తల సూటిగా కాంక్రీటును తాకినచో ఆ వేగమంతయు కొన్ని మిల్లీమీటర్లలోనే ఆగిపోవలెను. కపాలము ఆగును, లోపలి మెదడు ఆగక పోయి గోడకు కొట్టుకొనును. నురుగు పొర నలిగి, ఆ వేగము రెండు మూడు సెంటీమీటర్ల దూరములో ఆగునట్లు చేయును. బావిలోనికి బిందెను తాడుతో దించుటకును, విసరివేయుటకును గల భేదమే ఇది.

ఇందులో మరియొక విశేషము కలదు. బండి అరువది కిలోమీటర్ల వేగముతో పోవుచున్నను, ముప్పదితో పోవుచున్నను, రౌతు ప్రక్కకు పడి రోడ్డుమీద జారినపుడు తల నేలను గ్రుద్దు వేగము ముఖ్యముగా ఎత్తును బట్టియే యుండును. కావున "మెల్లగా పోవువానికి హెల్మెట్టు ఎందులకు?" అను ప్రశ్నకు అర్థము లేదు. నిలిచియున్న బండి మీదినుండి పడినను నేల మెత్తబడదు. వేగముగా పోయి స్తంభమునో లారీనో ఢీకొన్నవానిని ఏ టోపీయు కాపాడునని మేము చెప్పలేము. అయినను పలుదేశముల పరిశోధనలను కలిపి చూచి 2008లో ప్రకటించిన సమీక్ష యొకటి, హెల్మెట్టు వలన మరణ ప్రమాదము నూటికి 42 వంతులు, తలగాయము నూటికి 69 వంతులు తగ్గునని తేల్చినది.

ఇక ఆక్షేపణల సంగతి. మొదటిది ఎండ. ఇది అబద్ధము కాదు. రెంటచింతలలోను, రామగుండములోను మే మాసమున తలపై హెల్మెట్టు పెట్టుకొనుట సుఖమని చెప్పువాడు ఆ ఊళ్లు ఎరుగనివాడు. గాలిపోవు రంధ్రములు గలదానిని ఎన్నుకొని, లోపల పలుచని నూలుగుడ్డ కట్టుకొని, చెమట పట్టిన మెత్తను వారమునకొకసారి ఉతికి ఆరవేసినచో బాధ కొంత తగ్గును. కొంత మిగులును, దానిని సహింపవలసినదే. రెండవది జుట్టు. బట్టతల తాతతండ్రులనుండి వచ్చు ఆస్తి. దానిని హెల్మెట్టు మీద రుద్దుట న్యాయము కాదు. మూడవది "ఈ ప్రక్క సందువరకే కదా" అనుట. ప్రమాదమునకు దూరము కొలుచు అలవాటు లేదు. లారెన్సు కూడ ఇంటి సమీపముననే పడెను.

నాలుగవ ఆక్షేపణ గంభీరమైనది. "నా తల నా ఇష్టము, అందులో ప్రభుత్వమునకు జోక్యమేల?" అనునది అది. ఈ వాదము మన తెలుగుదేశము నుండియే సుప్రీము కోర్టు వరకు పోయినది. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనముల నియమావళిలో హెల్మెట్టును తప్పనిసరి చేసిన నియమము తన సంచార స్వేచ్ఛకు భంగకరమని ఒక పౌరుడు వాదించెను. 1988లో న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చెను. తలను కాపాడు నియమము సంచారమునకు అడ్డు కాదనియు, పౌరుని మేలు కొరకే అది ఏర్పడినదనియు దాని తాత్పర్యము. బ్రిటనులోను 1973 శాసనమును ఇనాక్ పొవెల్ వంటి పార్లమెంటు సభ్యులు స్వేచ్ఛ పేరిట నిరసించిరి. అమెరికాలో రౌతుల సంఘములు పోరాడి గెలిచినవి కూడ. అచట 1966 శాసనము వలన 1975 నాటికి మూడు తప్ప తక్కిన రాష్ట్రములన్నియు హెల్మెట్టు నిబంధన చేసియుండగా, 1976లో కేంద్రము పట్టు సడలించినది. అనేక రాష్ట్రములు నిబంధనను ఎత్తివేసినవి. చచ్చువారి సంఖ్య పెరిగినది. వియత్నాము దీనికి ఎదురు దృష్టాంతము. అచటి జనులు హెల్మెట్టును అన్నము వండు విద్యుత్పాత్ర అని వెక్కిరించెడివారు. 2007 డిసెంబరు 15న నిబంధన అమలులోనికి వచ్చినది; కొలది దినములలోనే నూటికి తొంబదిమందికి పైగా ధరించిరి. అందరు ధరించిన పిమ్మట వెక్కిరించుటకు ఎవరును మిగులలేదు.

"నా తల నా ఇష్టము" అనువానికి మా జవాబు ఒక్కటియే. తల పగిలిన పిమ్మట అది వాని ఇష్టము క్రింద ఉండదు. ఆసుపత్రి వరండాలో కూర్చుండు తల్లిది, పుస్తెలు కుదువబెట్టు భార్యది, చదువు మాను బిడ్డలది అగును.

ఇప్పుడు మేము చెప్పెదమన్న సంగతి. మాకు ఒక మిత్రుడు కలడు. మా బృందములో హెల్మెట్టు కొన్న మొదటివాడు అతడే. అది పెట్టుకొని వచ్చిన ప్రతిదినము మేము ఊరకుండలేదు. "ఏమిరా, చంద్రమండలానికా ప్రయాణం?" అని ఒకరము, "మొగం చూపించడానికి సిగ్గెందుకురా, అప్పులేమైనా ఉన్నాయా?" అని ఒకరము. అతడు నెమ్మదిపరుడు. కొన్నాళ్లకు దూర ప్రయాణములకు మాత్రమే దానిని తీయనారంభించెను. ఒక సాయంకాలము పెరుగు తెచ్చుటకు సందు చివరకు బయలుదేరినాడు. కుక్క అడ్డము వచ్చెను. బండి వేగము సైకిలు వేగము కంటె ఎక్కువ లేదని చూచినవారు చెప్పిరి. హెల్మెట్టు ఇంటిలో మేకునకు వ్రేలాడుచునే యుండెను.

అతడు బ్రతికినాడు. అది మా అదృష్టము. పదునేడు దినములకు కన్ను తెరచెను. ఆరు నెలలకు ఉద్యోగమునకు పోయెను. చూచుటకు ఏ లోపమును లేదు. కాని అతనికి వాసన తెలియదు. తలకు దెబ్బ తగిలినపుడు ముక్కు పైభాగమున నుండు సన్నని నరములు తెగిపోవుట కలదని వైద్యులు చెప్పిరి. కొత్త ఆవకాయ జాడి మూత తీసినను, మల్లెపూవులు తెచ్చి చేతికిచ్చినను, పొయ్యిమీద పాలు మాడినను అతనికి ఒక్కటియే. పరిచితుల పేర్లు నాలుక చివరకు వచ్చి ఆగిపోవును. చిన్న మాటకు కోపము వచ్చును. పిమ్మట తానే చింతించును. "మీరేం చేశారు, నేనే మానేశాను" అని అతడు మమ్ము ఏనాడును నిందింపలేదు. నిందించియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

2022లో మన దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారు. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది అని ప్రభుత్వ నివేదిక చెప్పుచున్నది. ఇందు నడుపువారు 35,692 మంది కాగా, వెనుక కూర్చున్నవారు 14,337 మంది. ఈ చివరి సంఖ్యను ఇండ్లలో వినుచున్నవారు ప్రత్యేకముగా గమనింపవలెను. భర్తకు హెల్మెట్టు, భార్యకు కొంగు. తండ్రికి హెల్మెట్టు, ట్యాంకుపై కూర్చున్న బిడ్డకు తండ్రి గడ్డము: మనలో సాధారణమైన ఏర్పాటు ఇది. నేల మాత్రము ముందువారు, వెనుకవారు అను భేదము చూడదు. ప్రక్కకు తిరిగి ఒకవైపు కాళ్లు పెట్టి కూర్చుండు స్త్రీకి పట్టు తక్కువ. చీర చెరగో చున్నీయో చక్రములో చిక్కిన ప్రమాదము అదనము. చీర గార్డు అందులకే ఉన్నది. దానిని ఊడదీసి బండికి అందము తెచ్చితిమనుకొనుట తగదు. 1988 మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము నాలుగేండ్లు దాటిన ప్రతివారును, ముందున్నను వెనుకనున్నను, హెల్మెట్టు ధరింపవలెను. తలపాగా ధరించిన సిక్కులకు చట్టము మినహాయింపు నిచ్చినది. నాలుగేండ్ల లోపు పిల్లలకు కూడ నడుపువానితో కట్టు పట్టీయు, తగిన చిన్న హెల్మెట్టును ఉండవలెనని 2022లో నియమము వచ్చినది.

కొనువారికి నాలుగు మాటలు. ఐ.ఎస్.ఐ. గుర్తును, 4151 అను సంఖ్యను చూడుడు. 2021 జూన్ నుండి ఆ గుర్తు లేనిదానిని అమ్ముటయే నేరము. రోడ్డు ప్రక్కన కుప్పపోసి అమ్ము పలుచని డొప్ప పోలీసువానిని మోసగింపగలదు, నేలను మోసగింపలేదు. తల విదిలించినపుడు హెల్మెట్టు విడిగా తిరుగరాదు. నొసటి చర్మము దానితో కదలవలెను. గడ్డము క్రింది పట్టీ బిగింపనిచో అది మీకంటె ముందుగానే క్రిందపడి దొర్లిపోవును. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదానిని, పైకి చెక్కుచెదరకున్నను, మరల వాడరాదు. లోపలి నురుగు ఒక్కసారియే ప్రాణదానము చేయును. తలతో పాటు చేతులను, పాదములను కూడ తలచుకొనుడు. పడు మనిషి ముందు అరచేతులనే నేలకు ఆనించును. చెప్పులు జారిపోవును, బూట్లు నిలుచును.

ఎదుట ఎవరైనను పడినపుడు హెల్మెట్టును తొందరపడి లాగరాదు. మెడ ఎముక దెబ్బతిని యుండవచ్చును. ఊపిరి ఆడుచున్నదా చూచి, మెడ కదలకుండ ఉంచి, 108కి కబురు చేయుడు. సాయపడినవారిని వేధింపరాదని చట్టము 2019 నుండి రక్షణ నిచ్చుచున్నది.

శ్రోతలారా! ఇల్లు వదలునపుడు "పోతాను" అని మన తెలుగువారు అనరు. అన్నచో పెద్దలు మందలింతురు. "వెళ్లి వస్తాను" అనవలెను. లోపలినుండి "వెళ్లిరా నాయనా" అని జవాబు రావలెను. వెళ్లుటలో కాదు, వచ్చుటలోనే మన మనస్సున్నదని ఆ మాట చెప్పుచున్నది. ఇకమీదట ఆ జవాబు చెప్పువారు, అది అమ్మ కానిండు, ఇల్లాలు కానిండు, ఆరేండ్ల పాప కానిండు, గుమ్మము వరకు వచ్చి మేకునకున్న హెల్మెట్టును తీసి చేతికిచ్చి, పట్టీ బిగించిన చప్పుడు విని మరి లోపలికి పోవుదురు గాక. ఎవరైన చూచి నవ్వినచో నవ్వనిండు. నవ్విన మేము ఎట్లున్నామో ఇప్పుడు మీకు తెలిసినది.